పొట్టేళ్ల కుండమార్పిడి

ఎర్రగుట్ట మీది నల్లగొర్రెల మందలో సంబంధాలన్నీ ఇంట్లోవే. మా ఇంట్లోనూ మేనరికాలే ఎక్కువ, కానీ ఆ సంగతి మొదలుపెడితే ఈ గొర్రెలు పొద్దుగూకినా దొడ్డి చేరవు. మందకంతటికీ కర్రెప్ప ఒక్కడే పొట్టేలు. ఏ పిల్లను చూసినా వాడి కూతురో, మనవరాలో.

ఆ ఏడు పుట్టిన పిల్లల్లో సగం లేచి నిలబడలేకనే చనిపోయాయి. పశువుల డాక్టరమ్మ వచ్చి, ఒక్కో గొర్రెవీ నాలుగు వెంట్రుకలు పీకి, పట్నంలో పరీక్ష చేయించింది.

"అన్నిటిదీ మరీ దగ్గరి రక్తం. నీలిగుట్ట మందదీ ఈ జాతే, రక్తం మాత్రం దూరం. పొట్టేళ్లను మార్చుకోండి, జాతి నిలుస్తుంది" అని కాపరికి చెప్పింది.

కర్రెప్ప కాలితో నేలను తన్నాడు. "నా మందలోంచి నన్నే గెంటేస్తారా?"

"గెంటడం కాదురా, కుండమార్పిడి" అంది ముసలి గొర్రె పోలవ్వ. "మనవరాళ్లతో కాపురం చేస్తూ రోషమొకటా నీకు?"

కాపరి వాడి మెడకు తాడు కట్టి తీసుకుపోయాడు. దారిలో వాగు దగ్గర నీలిగుట్ట పొట్టేలు ఎదురయ్యాడు. వాడి ముఖమూ వేలాడుతూనే ఉంది.

"మీ గుట్ట మీద గడ్డి ఎట్లా ఉంటుంది బావా?" అని అడిగాడు.

"గడ్డి బంగారం. పోలవ్వ నోటితోనే జాగ్రత్త" అన్నాడు కర్రెప్ప. ఇద్దరూ నవ్వుకుని చెరో దారి పట్టారు.

మరుసటి ఏడు ఎర్రగుట్ట మీద పుట్టిన మొదటి పిల్ల, ఒంటి తడి ఆరకముందే లేచి నిలబడి, ఉరికొచ్చి పోలవ్వను ఒక్క కుమ్ము కుమ్మింది. పోలవ్వ వెల్లకిలా పడింది.

"కుమ్ము నాయనా, ఇంకోసారి కుమ్ము!" అంది లేవకుండానే.