టీచరమ్మ దుబాసీ

ఎలీసో కొట్టిన బంతి మళ్లీ కిటికీకి తగిలింది.

"ఆ చేతులు పిండి పిసకడానికి తప్ప దేనికీ పనికిరావని చెప్పు" అంది దెస్పినా.

పక్కనున్న లమారా ఎలీసో వైపు తిరిగి జార్జియా భాషలో ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది.

ఎలీసో నవ్వి, బంతి తీసుకుని గీత దగ్గరికి పరుగెత్తింది.

"నేను తిడితే అది నవ్వుతుందేమిటి?"

"మా పిల్లలంతే, కీరియా. సిగ్గు తక్కువ."

"నేను చెప్పింది జానెడు. నువ్వు చెప్పింది బారెడు."

"మా భాష పొడుగు, కీరియా."

గ్రీసులో ముసలివాళ్లకు సేవ చేసి తిరిగొచ్చిన మనిషి లమారా. అక్కడి అమ్మగార్లను పిలిచి పిలిచి "కీరియా" అన్న పిలుపు నోట నిలిచిపోయింది.

దెస్పినాది గ్రీసే. వాలీబాల్ కోచ్‌గా రిటైరై, జార్జియాలోని ఈ కొండ ఊరి బడిలో ఆడపిల్లలకు ఆట నేర్పడానికి జీతం లేకుండా వచ్చింది. వసంతంలో జిల్లా పోటీలు. ఒక్క ఆటైనా గెలిపించాలని ఆమె పట్టుదల. భాష రాదు గనుక బడివాళ్లు లమారాను దుబాసీగా కుదిర్చారు.

లమారా కూడా ఊరికే వచ్చేది. పైగా వేడి చీజు రొట్టె గుడ్డలో చుట్టి తెచ్చేది. దెస్పినా అది తింటూనే పిల్లల్ని తిట్టేది.

ఓ రోజు బంతి వచ్చి దెస్పినా కళ్లజోడు పగలగొట్టింది. కొట్టింది ఎలీసోయే.

"చాలు! రేపట్నించి ఈ పిల్లను రావద్దను."

లమారా వంగి అద్దం ముక్కలు ఏరసాగింది.

"చెప్పవేం?"

లమారా చెప్పింది. ఎలీసో తలూపింది.

మర్నాడు అందరికంటే ముందే వచ్చి వల కడుతూ కనిపించింది ఎలీసో.

దెస్పినాకు ఒళ్లు మండింది. "నీకసలు గ్రీకు రాదు లమారా. వచ్చని అబద్ధమాడావు. ఇక నీ సాయం వద్దు."

లమారా రొట్టె మూట బల్ల మీద పెట్టింది.

"నేనూ చెబుదామనుకున్నా, కీరియా. ఎల్లుండి బస్సుకి మళ్లీ గ్రీసు పోతున్నా. ఎవరో ముసలమ్మ మంచం పట్టిందట."

"మంచిది" అంది దెస్పినా.

లమారా బస్సెక్కే రోజు దెస్పినా వీడ్కోలుకు వెళ్లలేదు. ఆ రోజు ఎలీసో ఆటకు రాలేదు. దెస్పినాకు అదీ సంతోషమే అయింది.

మర్నాడు ఎలీసో మళ్లీ వచ్చింది. కొత్త దుబాసీగా చరిత్ర టీచరు గివి వచ్చాడు. గ్రీసులో చదువుకున్నవాడు. అక్షరం పొల్లుపోనివ్వడు.

"గేదెలు నయం, మీకంటే చురుగ్గా కదులుతాయని చెప్పు."

గివి చెప్పాడు.

ఆట ఆగిపోయింది. ఒక పిల్ల ఏడుపు మొదలెట్టింది. కెప్టెన్ నాతియా గివిని ఏదో అడిగింది.

"మీకు ఒంట్లో బాలేదా అంటోంది" అన్నాడు గివి ఇబ్బందిగా. "మీరెప్పుడూ వీళ్లను ఇలా అనలేదట."

"రోజూ ఇంతకంటే ఎక్కువే అన్నానే!"

"లేదట. 'మీ వయసులో నేను ఇంకా ఘోరంగా ఆడాను' అన్నారట. 'రాత్రి కల్లోకి కూడా మీరే వచ్చారు' అన్నారట. కళ్లజోడు పగిలిన రోజు ఎలీసోతో, 'అద్దాలు పగిలేంత బలం ఉందమ్మా నీ చేతిలో, రేపు అందరికంటే ముందు రా' అన్నారట. మీరంత ప్రేమగా చూస్తారనే ఈ మంచులో నడిచి వస్తున్నామంటున్నారు."

దెస్పినా లమారా రొట్టె మూట పెట్టే ఖాళీ బల్లకేసి చూసింది.

తర్వాత నెమ్మదిగా వెళ్లి ఎలీసో చేతులు రెండూ పట్టుకుంది.

"గివీ, ఇవి మంచి చేతులని చెప్పు. పొల్లుపోకుండా చెప్పు."

ఎలీసో ఆశ్చర్యంగా చూసింది. "ఆ మాట రోజూ చెబుతారుగా!"

దెస్పినా గివి వైపు తిరిగింది. "లమారా ఫోను నంబరు ఎవరి దగ్గరైనా ఉందా? ఆమెకో దండం పెట్టుకోవాలి."

ఎలీసో జేబులోంచి ఫోను తీసి అందులో అన్న మాటను గివి పొల్లుపోకుండా గ్రీకులో చెప్పాడు: "అమ్మా, మా టీచరమ్మ నీతో మాట్లాడాలంటోంది."