దొరికింది దొరికినట్టే

“కడగలేదమ్మా. దొరికింది దొరికినట్టే ఇవ్వడం మా పద్ధతి,” అంటూ డెన్జిల్ మట్టి పట్టిన రేకు డబ్బాను బల్ల మీద పెట్టాడు. పొద్దుటి నుంచి అతను లోహాలను పసిగట్టే యంత్రంతో టామ్సిన్ వాళ్ల బంగాళాదుంప చేనంతా తిరిగాడు.

టామ్సిన్ మూత తీసింది. మైనపు గుడ్డలో వాళ్లమ్మ దుస్తులకు పెట్టుకునే వెండి బ్రోచి!

“చూశావా జేగో? అక్క దీన్ని ఎత్తుకుపోయిందని నేను తనను గుమ్మం తొక్కనివ్వలేదే! తను చనిపోయినప్పుడు చూడ్డానిక్కూడా వెళ్లలేదే!”

పొయ్యి పక్కన కూర్చున్న భర్త పైపు నోట్లోంచి తీయలేదు. “ఎప్పుడో చేలో జారిపోయుంటుందిలే.”

“జారిపోయింది ఉత్తి మట్టిలో దొరుకుతుంది పెద్దాయనా,” నవ్వాడు డెన్జిల్. “దీన్నెవరో శ్రద్ధగా చుట్టి మరీ పాతిపెట్టారు.”

టామ్సిన్ డబ్బా మూతను బొటనవేలితో రుద్దింది. మట్టి కింద నుంచి తెరచాప పడవ బొమ్మ తేలింది. అదే పడవ ఉన్న పొగాకు డబ్బా జేగో మోకాలి మీద ఉంది.

డెన్జిల్ నవ్వు ఆగిపోయింది.

“ఎందుకు చేశావు?” అంది టామ్సిన్.

“పొద్దస్తమానం మీ అక్క లవ్‌డే ఇక్కడే ఉండేది. మీ ఇద్దరి కబుర్ల మధ్య నేనున్నానన్న సంగతే నీకు గుర్తుండేది కాదు.”

టామ్సిన్ బ్రోచి గుప్పిట్లో పెట్టుకుని కోటు అందుకుంది. “డెన్జిల్, నన్ను మా అక్క సమాధి దగ్గర దింపుతావా?”

“చీకటి పడకముందే ఇంటికొచ్చెయ్,” అన్నాడు జేగో.

“దొంగతో ఒకే కప్పు కింద ఎలా ఉంటామని ఆ రోజు నువ్వేగా అన్నావు!”