ఎరువు మాటలు

“బల్లని ఏమంటారు?”

“మేజా.”

“మీ మాటేనా?”

“పోర్చుగీసు వాళ్లు వదిలేసి పోయారు” అంది మ్వానాషా, ముసుగు సర్దుకుంటూ.

“లక్షని?”

“లాకి. గుజరాతీ షావుకార్లది.”

ఖల్ఫాన్ నవ్వాడు. లాము దీవిలో ఓ ఇరుకు సందులో, ఆమె ఇంటి ముందు రాతి అరుగు మీద కూర్చున్నారిద్దరూ.

“పుస్తకం, సముద్రం, కాఫీ, స్నేహితుడు... ఇవేమో మా అరబ్బీవి. మీ స్వాహిలీలో ఇల్లంతా ఎరువు సామానేనన్నమాట. సొంతంగా ఏమైనా ఉందా?”

“ఎందుకు లేదు? నీళ్లు మావి. ఇల్లు మాది. ఎవరి మాటొచ్చినా మా చొక్కా తొడిగితే గానీ వీధిలోకి పంపం.”

అరబ్బీ నుంచి వచ్చిన మాటలు అతనికి ఇట్టే పట్టుబడేవి. వీళ్ల సొంత మాటల దగ్గరే నాలుక మొరాయించేది. ఇంటిని న్యుంబా అనబోయి మధ్యలోనే ఆగిపోయేవాడు. నిన్నటివి ఇవాళ గుర్తుండవు. గాలి తిరిగితే తనొచ్చిన ఓడ అరబ్బు తీరంలోని సూర్ రేవుకు వెళ్లిపోతుంది. ఈలోగా ఆమె తండ్రి ముందు నిలబడి, వాళ్ల భాషలోనే పిల్లనడగాలి. అదీ అతని గుబులు.

“మీ నాన్నగారు ఒప్పుకుంటారంటారా?”

“ఒప్పుకుంటారు.”

“అంత ధీమాగా ఎలా చెప్తున్నారు?”

ఆమె కాఫీ గిన్నె అతని చేతికిచ్చి, సరిగ్గా పట్టుకున్నాడని చూసి వదిలింది.

దారిన పోయేవాళ్లు పలకరించి వెళ్తున్నారు. ఖల్ఫాన్ సిగ్గుపడి కాస్త ఎడంగా జరిగాడు.

“ఇలా కూర్చుంటే వీధిలో ఏమీ అనుకోరా?”

“అలవాటు పడ్డారు.”

“మీకింత బాగా అరబ్బీ ఎవరు నేర్పారు?”

“ఒకాయన. మీలాగే సూర్ నుంచి వచ్చాడు. మళ్లీ ఓడెక్కలేదు.”

అతని మొహం వాడిపోయింది.

“ఆయనంటే ఇష్టమా?”

“చాలా. ఒంటినిండా ఎండు చేపల వాసన. అయినా నోరు తెరిస్తే నవ్వాపుకోలేకపోయేదాన్ని. సాయంత్రాలు ఈ అరుగు మీదే గడిచిపోయేవి. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండిపోతుంది.”

“ఇప్పుడెక్కడున్నాడు?”

“దూరంగా వెళ్లిపోయాడు. ఎప్పుడైనా వస్తాడేమోనని చూస్తున్నా.”

ఖల్ఫాన్‌కి ఒళ్లు మండింది. అయినా లేవలేదు.

“అతనొచ్చేలోగా నేనే నేర్చేసుకుంటా. భార్యని ఏమంటారు?”

“మ్కే. ఇది ఎవరి దగ్గరా తెచ్చుకున్నది కాదు.”

“మ్కే” అన్నాడు, ఎక్కడా తడబడకుండా.

మ్వానాషా కళ్లు నిండాయి.

లోపల్నుంచి మనవరాలు అడిగింది: “అమ్మమ్మా, తాతయ్యకి ఇవాళైనా గుర్తొచ్చావా?”