చప్పట్ల చీటీ

పెద్దసారు ప్రసంగం ముగించగానే గొడుగుల కంపెనీ హాలు చప్పట్లతో దద్దరిల్లింది. మూడో వరసలో ఒకావిడ చేతులు మాత్రం ఒళ్ళోంచి లేవలేదు.

"చూశావా పొగరు? రెండు నెలల నుంచీ ఇదే వరస," పెద్దసారు పక్కనున్న పి.ఎ.తో గొణిగారు. చప్పట్లు మొదలుపెట్టేది ఎప్పుడూ ఈ పి.ఎ.నే. అందుకే చాటుగా అందరూ అతన్ని తాళం అనేవాళ్ళు. తాళం పడితేగానీ భజన అందుకోదు మరి.

"మొన్న మధ్యాహ్నం డిప్యూటీగారు రెండు ముక్కలు మాట్లాడితే టపటపా కొట్టిందండీ," తాళం అగ్నికి ఆజ్యం పోశాడు.

పెద్దసారుకి ఒళ్ళు మండిపోయింది. రోజూ ఎనిమిదిన్నరకి, అరగంటసేపు, క్రమశిక్షణ మీద, ఒక్క ముక్క కూడా మార్చకుండా చెబుతున్నారాయె. ఆ కష్టానికి విలువ లేదా? ఆవిడ చేసే పనల్లా తయారైన గొడుగుని తెరిచి, చిల్లులు చూసి, మూయడం. పదకొండు కల్లా ఉద్యోగంలోంచి తీసేస్తున్నామన్న కాగితం టైపయింది.

"పొగరు కాదు సార్, వేళ్ళు ముడుచుకోవడం లేదు. ఈ ఉద్యోగం లేకపోతే మా ఇల్లు గడవదు," గదిలోకి పిలిపించి సంగతి చెప్పగానే అందావిడ.

"ముప్పై నాలుగేళ్ళకే కీళ్ళ నొప్పులా? మా బామ్మ వింటే నవ్విపోతుంది. పద, ఇవాళ మంగళవారమేగా. నీది ఉత్త నటన అని డాక్టరు చేతే రాయిస్తాను."

మంగళవారాల్లో స్టోరు పక్క గదిలో కంపెనీ డాక్టరు కూర్చుంటాడు. ఆయన "ఏమ్మా, ఏమిటి బాధ?" అన్నాడో లేదో, పెద్దసారు అందుకున్నారు. ఇంకొకరిని మాట్లాడనివ్వడం ఆయనకి చేతకాని విద్య.

"నన్నడగండి, నేను చెబుతాను. ఈవిడ నాకు చప్పట్లు కొట్టదు."

డాక్టరు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఎన్నాళ్ళనుంచి?"

"రెండు నెలలు. తేదీలతో సహా రాసిపెట్టాను."

"రోజంతా ఇంతేనా?"

"అక్కడేగా నాటకం బయటపడేది. పొద్దున పదింటిదాకా వేళ్ళు కర్రల్లా పెట్టుకుని కూర్చుంటుంది. గొడుగు మీట కూడా మోచేత్తో నొక్కుతుంది, వేలు తగిలితే అరిగిపోతుందన్నట్టు. మధ్యాహ్నానికి అంతా మామూలే."

"ఒక చెయ్యా, రెండూనా?"

"రెండూనండీ. పొగరు ఒక్క చేతికే ఉంటుందా?"

"ఇంకా?"

"నేనొస్తే లేచి నిలబడదు. కుర్చీ పట్టుకుని, బల్ల పట్టుకుని, నా ప్రసంగం సగంలో ఉండగా లేస్తుంది. ఏమంటే నీరసం అంటుంది."

డాక్టరు ఒక్కొక్కటే రాసుకుంటున్నాడు. నేరాల చిట్టా బాగా పెరుగుతోందని పెద్దసారు మీసం దువ్వుకున్నారు.

డాక్టరు ఆవిడ చెయ్యి అందుకుని వేళ్ళ మొదళ్ళ దగ్గర మెల్లిగా నొక్కాడు. ఆవిడ పెదవి కొరుక్కుంది. రెండో చెయ్యీ అంతే. రెండు చేతులకీ సరిగ్గా ఒకేచోట కణుపులు ఉబ్బి, వెచ్చగా ఉన్నాయి.

"ఉంగరం తీసేశావేమ్మా?"

"పట్టడం లేదండీ. పర్సులో పెట్టుకుని తిరుగుతున్నా."

డాక్టరు కలం కింద పెట్టాడు. "ఇది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని నా అనుమానం. ఒంటిని కాపాడాల్సిన రక్షణ బలగమే దారితప్పి కీళ్ళ మీద పడుతుంది. దీనికి చిన్నా పెద్దా లేదు. రక్తపరీక్షలు, ఎక్స్‌రే రాస్తున్నాను. ఈ వారమే కీళ్ళ డాక్టరుకి చూపించుకో. త్వరగా మందులు మొదలుపెడితే నీ చేతులు నీకు దక్కుతాయి. నాన్చితే వేళ్ళు వంకర తిరుగుతాయి." తర్వాత పెద్దసారు వైపు తిరిగాడు. "రోగులు కూడా ఇంత వివరంగా చెప్పరండీ. సగం పని మీరే చేసిపెట్టారు."

ఆవిడ ఏడ్చేసింది. బద్ధకం, పొగరు అని పదిమందీ అంటుంటే తనకే తన మీద అనుమానం పుట్టింది పాపం. జబ్బు పేరు విని ఊపిరి పీల్చుకున్న మనిషి ఆవిడొక్కతే అయ్యుంటుంది.

పెద్దసారు బాధ వేరు. "అయితే నా చప్పట్ల సంగతేమిటి?"

డాక్టరు ఓ చీటీ రాసిచ్చాడు: "ఈమె ఉదయంపూట చప్పట్లు కొట్టరాదు."

టైపు చేసిన కాగితం జేబులోనే నలిగిపోయింది. కానీ పెద్దసారు ఊరుకునే రకమా? ఆ సాయంత్రమే నోటీసుబోర్డు ఎక్కించారు: "వైద్య కారణాల వల్ల ఒక్కరికి మినహాయింపు. మిగతావాళ్ళెవరైనా డాక్టరు చీటీ లేకుండా చేతులు ముడుచుకుని కూర్చుంటే చర్య తప్పదు."

పరీక్షలు డాక్టరు మాటే నిజమన్నాయి. ఆవిడకి మందులు మొదలయ్యాయి, ఉద్యోగం నిలిచింది. పెద్దసారుకి మాత్రం ఆ ఒక్క జత చేతులూ కంట్లో నలుసై కూర్చున్నాయి. మంగళవారం రాగానే, మందులు పడుతున్నాయిగా, ఇక ఆ చీటీ రద్దు చేయమందామని డాక్టరు గదికి బయల్దేరారు.

వరస స్టోరు దాటి మెట్లదాకా ఉంది. కత్తిరింపు వాళ్ళు, కుట్టు వాళ్ళు, లెక్కల గుమాస్తా, ఆఖరికి వాచ్‌మన్ కూడా. ఆయన్ని చూసి అందరూ చేతులు జేబుల్లోకి, కొంగుల్లోకి దాచుకుని గోడల వంక చూశారేగానీ, ఒక్కరూ కదల్లేదు. పళ్ళు నూరుకుంటూ వాళ్ళని దాటుకుని వెళ్ళి, పెద్దసారు తలుపు మీద చెయ్యి వేశారు. లోపల ఎవరో డాక్టర్ని బతిమాలుకుంటున్నారు.

"రోజూ అందరికంటే ముందు మొదలెట్టేది నేనేనండీ, ఆ చీటీ అందరికంటే ముందు నాకు రాసివ్వండి."