నూట డెబ్బై ఆరో గడి

"నూట డెబ్బై ఆరు!"

ఫోన్లో అరిచి, వంటింటి క్యాలెండర్ గడిలో ఎర్ర స్కెచ్‌పెన్నుతో ఆ అంకె వేసింది ఇక్బాలున్నీసా. "ఇంక నాలుగే రోజులు. సామాను సర్దుకుంటివా లేదా?"

"నేను రాను అమ్మీ." జాంజిబార్ నుంచి కూతురు హుమా గొంతు. వెనక సముద్రం హోరు, ఎవరో ఆడవాళ్ల నవ్వులు.

"రాకుంటే కాళ్లిరగ్గొడ్తా!"

హాల్లో చాయ్ తాగుతున్న ఆమె మొగుడు సమీయుల్లా తృప్తిగా తలాడించాడు. తల్లంటే అట్లా ఉండాలి మరి.

హుమా మస్కట్‌లో సముద్రశాస్త్రం చదువుతోంది. ఒక్క సెమిస్టర్ జాంజిబార్‌లో చదువుతానని ఆ పిల్ల అడిగిన రోజు సమీయుల్లా ఇంతెత్తున లేచాడు. "ఆడపిల్లని ఆఫ్రికాకా? నలుగురూ నా మొహాన ఊస్తారు!" హుమా మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు ఆయనే దిగొచ్చాడు, అదీ ఒక షరతు మీద. ఒమన్ బయట నూట ఎనభై రోజులు దాటితే రెసిడెంట్ కార్డు రద్దయిపోతుంది. ఆలోపు తిరిగి రావాలి, రాగానే ఒమన్‌లోనే ఇబ్రి ఊళ్లో దుకాణంలో పనిచేసే ఇస్రార్‌తో నిఖా చేసుకోవాలి. ఇస్రార్‌కి వచ్చే జీతానికి ఫ్యామిలీ వీసా దొరకదు. పిల్లకి ఇక్కడి కార్డు ఉంది కాబట్టే వాళ్లు ఈ సంబంధానికి దిగారు. అబ్బో, పిల్లని చూసి కాదు లెండి!

రోజుల లెక్క మాత్రం సమీయుల్లా పెళ్లానికే అప్పగించాడు. మస్కట్ రూవిలో వాళ్లుండే బిల్డింగ్ మొత్తానికి రోజులు లెక్కపెట్టేది ఆమే. బాలింతకి నలభై రోజుల చిల్లా ఎప్పుడు తీరుతుంది, మొగుడు పోయిన మనిషికి ఇద్దత్ గడువు ఏ రోజుతో అయిపోతుంది, రంజాన్‌లో విడిచిన రోజాలు ఇంకెన్ని బాకీ, ఏది అడిగినా వేళ్లు కూడా ముడవకుండా చెప్పేస్తుంది. పదో తరగతి లెక్కల్లో తొంభై ఆరు వచ్చిన నెలకే నిఖా చేసి పంపేశారు గానీ, చదివించి ఉంటే ఎంతదయ్యేదో! హుమా బయల్దేరేముందు ఆమె మొగుణ్ని అడిగింది ఒక్కటే. "అంత దూరం పోతాంది బిడ్డ. ముందు కడపలో పది రోజులుండి నానీ దువా తీసుకోని, అట్నుంచి అటే పోనీండి." అమ్మమ్మ దీవెనంటే ఎవరు కాదంటారు? సమీయుల్లా సరేనన్నాడు.

"అమ్మీ, ఒక్క నిమిషం ఇను," అంటోంది హుమా. "ఈడ ఆడోళ్లు మోకాటిలోతు నీళ్లలో నిలబడి సముద్రపు నాచు నాటుతారు, మనకాడ వరి నాటినట్లు. మొదటి రోజు నేను నాటితే పడీపడీ నవ్విరి. ఇప్పుడు నా వరసే సూటిగా ఉంటాంది. ఈత కూడా నేర్చుకుంటి. మిగతా రెండేండ్లూ ఈడనే చదవమని ప్రొఫెసర్ అంటాండారు. ఫీజు కూడా లేదు. రేపటిలోగా చెప్పాల."

"నాచూ లేదు, గీచూ లేదు. నోరు మూసుకోని రా!"

"తొంభై ఆరు వచ్చినప్పుడు నీ నోరు కూడా ఇట్లనే మూసినారా అమ్మీ?"

ఇక్బాలున్నీసా ఠక్కున ఫోన్ పెట్టేసింది.

సమీయుల్లా చెప్పులేసుకుని తిరుగు టికెట్ కోసం వీధి చివర ట్రావెల్స్ నడిపే ముఖీత్ దగ్గరికి పోయాడు. హుమా పోయేటప్పుడు టికెట్లు తీసిందీ అతనే. ముఖీత్ హైదరాబాద్ మనిషి. కార్డు నంబర్ కొట్టి చూశాడు. మళ్లీ కొట్టాడు.

"భాయ్, ఈ కార్డు పోయి ఆరు దినాలాయె!"

"ఏం మాట్లాడ్తాండావ్? ఇయ్యాలకి నూట డెబ్బై ఆరే!"

"ఏ దినం నుంచి లెక్కేసిన్రు?"

"ఆఫ్రికాలో దిగిన దినం నుంచి."

"అట్లెట్ల భాయ్? మస్కట్ల ఫ్లయిట్ ఎక్కిన దినం నుంచి లెక్క. నడుమ పది దినాలు కడపల ఉన్నది గద!"

సమీయుల్లా ఇల్లు చేరేలోపే ముఖీత్ దుకాణంలో పడిన మాట ఇబ్రి దాకా పోయింది. ఇస్రార్ తండ్రి ఫోన్ చేసి, కార్డు లేని పిల్లని మేమేం చేసుకోవాలి, అని రెండు ముక్కల్లో తేల్చేశాడు.

సమీయుల్లా వస్తూనే క్యాలెండర్ పీకి ముక్కలు చేశాడు.

"ఊరందరి లెక్కలూ చూస్తావే, కన్నకూతురి లెక్క తప్పుతావా? తొంభై ఆరంట, తొంభై ఆరు! బుద్ధి ఉందా నీకు?"

ఇక్బాలున్నీసా తలెత్తలేదు. "తప్పయిపోయింది జీ. ఈ మధ్య మతి ఉండడంలేదు."

"ఇంక అది వచ్చి ఎవరిని ఉద్ధరించాల? ఆ నాచులోనే పడి ఉండమను!"

తలుపు దడాలున వేసి డ్యూటీకి పోయాడు.

ఆమె క్యాలెండర్ ముక్కలన్నీ ఏరి చెత్తబుట్టలో వేసింది. చేతులు కడుక్కుని కూతురికి ఫోన్ చేసింది.

"కార్డు పోయింది, సంబంధం పోయింది. మీ అబ్బా నిన్ను ఆడనే ఉండమన్యాడు. ప్రొఫెసర్‌కి ఇప్పుడే చెప్పు. మీ అబ్బా మనసు మారేలోపు చెప్పు."

హుమాకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "నిజంగానా? అమ్మీ, ఒక్క రోజు కూడా తప్పనిదానివి, పది రోజులు ఎట్ల తప్పితివి? నానీ దువా కోసమని నన్ను కడపకి పంపకుంటే..."

ఇక్బాలున్నీసా ఒకసారి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది.

"దువా కావాలంటే నానీ ఫోన్లోనే చేసేది కదే."