మందగమన సిద్ధాంతం

"సార్, మీరు చెప్పిన పాఠమే కదా. మీ పైపే గెలుస్తది," అన్నది సింధూజ.

ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అన్నది. కోదాడ ఇంజనీరింగ్ కళాశాల ఆచార్యులు డాక్టర్ సుధాకర్ గారికి కడుపు మండింది సరిగ్గా అందుకే. నిన్నటి శిష్యురాలు, నేటి పోటీదారు. పైగా వినయం కూడానా!

మిర్యాలగూడలో వీరమ్మ రైస్ మిల్లు. బాయిలర్‌కు నీరు వెళ్లే దారిలో రెండు పైపులు పక్కపక్కనే అమర్చారు. ఒకదాని లోపల ఆచార్యుల వారి పూత, రెండోదాని లోపల సింధూజ పూత. సీజను ముగిశాక ఎవరి పైపులో సున్నపు గార తక్కువ పేరుకుంటే, కళాశాల పరిశోధన కేంద్రంలో పెద్ద కుర్చీ వారిది. ఆ కుర్చీకి ఆయన అప్పుడే మెత్త కుట్టించారు.

మిల్లుకు కొత్త యంత్రమేది వచ్చినా చేసినట్టే, వీరమ్మ రెండు పైపులకూ బొట్లు పెట్టి, పసుపు దారంతో తలా ఒక నిమ్మకాయ కట్టింది.

"ఇద్దరూ సల్లగుండాలె. చాయ తాగుదురు రాండ్రి."

"మీరు నడువుండ్రి. ఈ నట్లు బిగించి వస్త," అన్నారు ఆచార్యుల వారు. అంతటివారు స్వయంగా పానా పట్టడం చూసి సింధూజ కళ్లు చెమర్చాయి.

నీటి వేగం తగ్గినచోట గార ముదురుతుంది. ఆయనకు డాక్టరేటు తెచ్చిపెట్టిన మహావాక్యమది. దానికి కావలసిన పరికరం ఎదురుగానే వేలాడుతున్నది. తన పైపుకున్న నిమ్మకాయను తెంపి, సింధూజ పైపు పై కొసలో కుక్కి, నట్లు బిగించారు. దిష్టికి ఆయన భయపడరు, శాస్త్రజ్ఞులు కదా.

సీజను ముగిసింది. ముగ్గురూ మళ్లీ చేరి పైపుల కింది కొసలు విప్పించారు. ఆయన పైపులో వేలు దూరే సందు లేదు. సింధూజ పైపు కొత్త కంచంలా మెరుస్తున్నది.

"ఇగ నా బాయిలర్లన్నిటికీ ఈ పిల్ల పైపులే," అన్నది వీరమ్మ.

"సార్ దగ్గర నేర్సుకున్నదే అమ్మా."

ఆచార్యుల వారికి అప్పుడు వెలిగింది. నిమ్మకాయ నీటిని మందగింపజేయలేదు, పూర్తిగా ఆపేసింది. ఆమె వాటా నీరు కూడా తన పైపులోనే ప్రవహించి, సున్నమంతా అక్కడే దింపుకుని పోయింది. ఊరుకుంటే పరువైనా దక్కేది. కానీ అసూయకు ఊరుకోవడం తెలియదు.

"మోసం. దాంట్ల నీళ్లే పోలే. పై కొస గూడ విప్పి సూడుండ్రి."

సింధూజ నట్లు విప్పింది. పసుపు దారంతో సహా నల్లబడ్డ నిమ్మకాయ ఒకటి దొర్లి, ఆయన బూట్ల దగ్గర ఆగింది.

"సూసిన్రా? దిష్టికి కట్టిన నిమ్మకాయనే అడ్డం పెట్టి గెలిసింది," అన్నారాయన, ధర్మపీఠం మీద కూర్చున్నట్టు.

సింధూజ ముఖం పాలిపోయింది. "నాకేం తెల్వదు సార్."

వీరమ్మ ఆ నిమ్మకాయను చేతిలోకి తీసుకున్నది. రెండు పైపుల వంకా తీరిగ్గా చూసింది.

"పిల్ల నిమ్మకాయ పిల్ల పైపుకే ఏలాడుతున్నది. మరి నీది ఏడవోయింది, సారూ?"