తలెత్తిన ఆయ్

నర్సాపురం నుంచి గోదావరి దాటి సఖినేటిపల్లి వస్తున్న పంటు కుదిపిన కుదుపుకి శారోన్ చేతిలో డబ్బా జారింది. గాజుబిళ్ళలు జనం కాళ్ళ మధ్య దొర్లాయి.

గొడుగు పట్టుకున్న ఓ పెద్దాయన వంగి వాటిని ఏరి ఇచ్చారు.

"ఏంటమ్మా ఇవి?"

"యూరోపియం అనే లోహం కలిపిన గాజండి. ఈ యూవీ టార్చి వేస్తే ఎర్రగా వెలుగుతాయండి. నా పీహెచ్‌డీ వీటి మీదేనండి."

పక్కనే ఉన్న ఆమె గైడు శివప్రసాద్ విసుక్కున్నాడు.

"వస్తేగా! యూరోపియం పెంచేకొద్దీ వెలుగు పెరుగుతుందని సత్యదుర్గారావు గారు పుస్తకంలో రాసేరు. ఈవిడ గ్రాఫు సగంలోనే కిందికి దిగిపోతోంది. దిద్దితేగానీ సంతకం పెట్టను."

"ఎన్నిసార్లు కరిగించి పోసినా అలాగే వస్తోందండి," అంది శారోన్. "మోతాదు మించితే అయాన్లు ఇరుకునపడి ఒకదాని శక్తి ఒకటి లాగేసుకుంటున్నాయండి. వెలుగు తగ్గిపోతోంది."

"అంటే, అంతటాయన తప్పు రాసేరంటావా?"

"ఆయ్."

కోనసీమలో పెద్దల మాటకి అవునంటూ 'ఆయ్' అనడమంటే తలొంచడమే. ఈ పిల్ల తలెత్తి అంది. వినడానికి ఎంత బావుందో!

పెద్దాయన గొడుగు విప్పి నీడ పట్టారు. శారోన్ టార్చి వేసింది. యూరోపియం తక్కువ కలిపిన బిళ్ళ నిప్పుకణికలా వెలిగింది. ఎక్కువ కలిపింది మసకగా ఉండిపోయింది.

"ఇంకోసారి వెయ్యమ్మా."

"ఎన్నిసార్లయినా వేస్తానండి. అదే వస్తుంది."

"మరి డిగ్రీ పోతే?"

"పోనివ్వండి. మా నాన్న మస్కట్ ఎండలో మాడి నన్ను చదివించింది అబద్ధం రాయడానికి కాదండి."

ఆయన గొడుగు ముడిచారు.

"అయితే నువ్వు దిద్దకమ్మా. పుస్తకాన్నే దిద్దుకోనీ."

"మీకేం తెలుసని ఎగదోస్తున్నారండీ?" శివప్రసాద్ మండిపడ్డాడు.

పెద్దాయన నవ్వారు. పంటు ఒడ్డుకి తగలగానే రాజోలు ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

"ఉండు, సత్యదుర్గారావు గారి చేతే నీకు చెప్పిస్తాను!"

శివప్రసాద్ రేవులోనే నిలబడి ఎవరెవరినో అడిగి నంబరు సంపాదించాడు. శారోన్ కూడా వినాలని స్పీకరు పెట్టి మరీ నర్సాపురంలో ఆయన ఇంటికి ఫోన్ చేశాడు.

ఆయన భార్య ఎత్తారు.

"మేష్టారు లేరండి, రాజోలు వెళ్ళేరు. ఇప్పుడే ఆటోలోంచి ఫోన్ చేసేరండి. నా పుస్తకంలో తప్పు పట్టిన పిల్ల పంటు మీద దొరికిందే అని ఒకటే సంబరపడిపోతున్నారు, పేరడగడం మర్చిపోయేరంట, ఆ అమ్మాయెవరో మీకేమన్నా తెలుసాండీ?"